జనగణనలో అంకె, దస్తావేజులో పేరు: మా రైతు పూర్వీకులను వెతికిన అనుభవం

మా ఇంట్లో పూర్వీకులను గురించి చెప్పుకొనే మాటలు రెండే రెండు ఉండేవి. మేము 1876-78 నాటి ధాత కరువులో పడమటి నుంచి, ఆలూరు వైపు నుంచి, వలస వచ్చినవాళ్ళమన్నది మొదటిది. ఊరికి ఉత్తరాన మా చేనిలో ఉన్న రాతికట్టు బావిని మా పెద్దాయన ఒకరు తవ్వించి, అందుకు సర్కారు నుంచి మాన్యం పొందాడన్నది రెండోది. మా జేజినాయన (నాన్న నాన్న) ఈ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పేవారు. అవి ఒకదానితో ఒకటి పొసగవన్న సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. కరువుకు ఇల్లూ వాకిలీ వదులుకొని, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పరాయి ఊరు చేరినవాడు అక్కడ రాతికట్టు బావి తవ్వించి మాన్యం సంపాదించడం ఎలా సాధ్యమన్న ప్రశ్న ఒకనాడు మా చెల్లెలి కొడుకు అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు కోసం మొదలుపెట్టిన వెతుకులాట నాలుగేళ్ళు సాగింది.

మా ఊరు నాడు కర్నూలు జిల్లా కోవెలకుంట్ల తాలూకాలోది, నేడు నంద్యాల జిల్లాలోది. నల్లరేగడి నేల, జొన్న, కొర్ర, పత్తి పండించే మెట్ట సేద్యం, అక్కడక్కడ బావుల కింద కొద్దిపాటి తోటభూమి. మా నాన్న తరం దాకా ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరు, కనుక ఉత్తరాలు గానీ జాతకాలు గానీ మిగలలేదు. ఇలాంటి కుటుంబాన్ని గురించి రాసి ఉంచవలసిన అవసరం శిస్తు వసూలు చేసేవారికీ, తలలు లెక్కపెట్టేవారికీ తప్ప మరెవరికీ ఉండదు. అందుచేత ఆ ఇద్దరి కాగితాలనే నమ్ముకొన్నాను.

ముందుగా తలలు లెక్కపెట్టినవారి దగ్గరకు వెళ్ళాను. అమెరికాలో 72 ఏళ్ళు గడిచాక, బ్రిటన్‌లో 100 ఏళ్ళు గడిచాక నాటి జనాభా లెక్కల పత్రాలను ప్రజలకు చూపుతారనీ, అక్కడివాళ్ళు తమ ముత్తాత పేరును, వయసును, ఆయన సాగుచేసిన భూమిని వాటిలో చదువుకొంటారనీ నేను విని ఉన్నాను. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1871 నవంబరు 15న జనాభా లెక్కలు తీశారు. 1881 ఫిబ్రవరి 17న దేశమంతటా ఒకేసారి తీశారు. ఊళ్ళో ఆ లెక్క రాసింది చాలావరకు కరణాలే. కరణం ఇంటింటి వివరాలు రాసి ఉంటాడు కనుక మా వాళ్ళ వివరాలూ ఎక్కడో ఒకచోట ఉండి తీరాలని ఎంతో ఆశపడ్డాను.

ఆ ఆశ త్వరలోనే అడియాసయింది. మన దేశంలో జనగణన అంకెల కోసమే జరిగింది. మొత్తాలు వేశాక ఇంటింటి పత్రాలను భద్రపరిచే ఏర్పాటు చేయలేదు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1948 నాటి జనగణన చట్టం, 15వ సెక్షన్‌లో, లెక్కల సిబ్బంది రాసుకొన్న పుస్తకాలను చూసే హక్కు ఎవరికీ లేదనీ, అవి సాక్ష్యంగానూ చెల్లవనీ స్పష్టంగా చెబుతోంది. మనిషి తన వివరాలు భయం లేకుండా చెప్పుకోవాలంటే ఇలాంటి రక్షణ అవసరమేనని నేను ఒప్పుకొంటాను. అయినా, ఆ రోజు నేను జనగణన నివేదికలను మూసి పక్కన పెట్టాను. అది తొందరపాటు నిర్ణయమని తెలుసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

తర్వాత శిస్తు కాగితాల వైపు తిరిగాను. మా జేజినాయన రేకుపెట్టెలో కొన్ని కిస్తు రశీదులు, 1930ల నాటి భాగపరిష్కార దస్తావేజు ఒకటి, సర్వే నంబర్లు రాసిన ఒక చీటీ ఉన్నాయి. రశీదుల మీద ఉన్నవన్నీ ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరాలు. ఫసలీకి 590 కలిపితే మన ఏడాది వస్తుంది; ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి 1319 ఫసలీ అంటే 1909 జూలై నుంచి 1910 జూన్ వరకు అన్నమాట. ఈ చిన్న లెక్కను నేను మొదట్లో ఏమరుపాటుగా చేసి, సంక్రాంతి తర్వాత కట్టిన కిస్తుల తేదీలను ఒక ఏడాది వెనక్కి రాసుకొన్నాను. తర్వాత వాటన్నిటినీ మళ్ళీ దిద్దుకోవలసి వచ్చింది.

పాత భూమి లెక్కల్లోకి వెళ్ళడానికి దారి చూపేది నేటి సర్వే నంబరే. ఇటీవలి రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కనుక, ఈ పని తలపెట్టినవారు ముందుగా తమ చేనికి పాత సర్వే నంబరు ఏదో తేల్చుకోవాలి. ఆ నంబరు చేతిలో ఉంటే 1-బి, అడంగల్, పదొకటి అనే ఊరి భూమి లెక్కల మీదుగా వెనక్కి నడిచి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు చేరుకోవచ్చు. జనం ఆర్‌ఎస్‌ఆర్ అని, రెండు భాషల్లో ఉంటుంది కనుక డైగ్లాట్ అని పిలిచేది దీన్నే. మద్రాసు రాజధానిలో సెటిల్‌మెంటును, అంటే శిస్తు నిర్ణయాన్ని, సాధారణంగా 30 ఏళ్ళకొకసారి సవరించేవారు. ఆ రిజిస్టరులో ఒక్కొక్క చేనికి సర్వే నంబరు, దానికి ముందున్న పాత నంబరు, భూమి సర్కారుదా ఇనామా (మాన్యమా), మెట్టా మాగాణా, నీటి ఆధారం ఏది, నేల ఏ తరానిది (శ్రేణిది), ఎకరానికి శిస్తు ఎంత, విస్తీర్ణం ఎంత, పట్టా నంబరు ఏది, పట్టాదారు ఎవరు అన్న గడులు వరుసగా ఉంటాయి. చూడడానికి ఇవి పొడి వివరాలే. కానీ ఒక రైతు నిజంగా ఏ స్థితిలో ఉన్నాడో చెప్పేవి నేల తరమూ, నీటి ఆధారమూ రాసిన గడులే. ఎకరాల సంఖ్య ఒక్కటే చూసి మా వాళ్ళు మోతుబరులని నేను కొన్నాళ్ళు అనుకొన్నాను. తీరా తరం చూస్తే అందులో ఎక్కువ భాగం తక్కువ శిస్తు పడే నాసిరకం మెట్ట.

ఒక కార్యాలయంలో మా ఊరి రిజిస్టరు లేనే లేదన్నారు. మూడోసారి వెళ్ళినప్పుడు అదే చోట, పక్క ఊరి కట్టలో, చెదలు తిన్న అంచులతో అది బయటపడింది. ఊరి పేరు పాత ఇంగ్లీషు వర్ణక్రమంలో ఉండడమే అందుకు కారణం. కోవెలకుంట్లనే నాటివాళ్ళు కోయిల్‌కుంట్ల అని రాశారు. చిన్న ఊళ్ళ పేర్లు ఇంకా ఎన్ని రూపాలు పొందాయో చెప్పనలవి కాదు. ఊరి పేరును చెవికి వినిపించినట్టు నాలుగైదు విధాలుగా రాసి పెట్టుకొని అన్ని రూపాలనూ వెతకడం నాకు అప్పటి నుంచి అలవాటయింది.

ఇంకొక చిక్కు జిల్లాల సరిహద్దులది. కర్నూలు 1839 దాకా నవాబు ఏలుబడిలో ఉంది. మా తాలూకా మాత్రం 1800లో నిజాం ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చిన దత్తమండలాల్లోది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉండగా జరిగిన పైమాయిషీ (భూమి కొలత) మా ఊరికీ వర్తించింది. 1858లో కర్నూలు కలెక్టరేటు ఏర్పడినప్పుడు కోవెలకుంట్లను కడప జిల్లా నుంచి అందులో కలిపారు. అంటే 1858కి ముందరి మా ఊరి కాగితాల కోసం కడప జిల్లా దస్త్రాల్లో వెతకాలి. అలాగే, మేము వచ్చామని చెప్పుకొనే ఆలూరు తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడు ఆదోనితో పాటు కర్నూలులో చేరింది. ఈ మూడు జిల్లాల పేర్లూ ఒక కాగితం మీద కాలక్రమంలో రాసుకొన్న తర్వాతే నా పని గాడిన పడింది.

రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో బావి ఉన్న చేనికి ఎదురుగా ఇనాం అని, దశబంధమని, ఒక టైటిల్ డీడ్ (హక్కు పత్రం) నంబరుతో సహా ఉంది. దశబంధమంటే, చెరువో బావో సొంత ఖర్చుతో కట్టించి దాన్ని మరమ్మతు చేస్తూ ఉండేవారికి ప్రతిఫలంగా శిస్తులో కొంత భాగాన్ని వదిలిపెట్టే ఇనాం. పేరులో పదో వంతన్న అర్థం ఉన్నా, వాస్తవంలో ఆ వంతు చోటును బట్టి మారేది. బావి చెడిపోకుండా చూసుకొన్నంత కాలమే ఇనాం నిలుస్తుందన్నది దాని షరతు. దత్తమండలాల వంటి వానలు తక్కువైన సీమలో ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో ఆలోచించిన కొద్దీ నాకు గౌరవం పెరిగింది. మా ఇంటి రెండో మాట అబద్ధం కాదని అప్పుడు రుజువైంది.

టైటిల్ డీడ్ నంబరు దొరికితే ఇనాం ఫేర్ రిజిస్టరు చూడవచ్చు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా విచారణ జరిపి ఒక్కొక్క ఇనాం చరిత్రనూ ఆ రిజిస్టర్లలో రాయించింది. రైతు కుటుంబాల వంశచరిత్ర వెతికేవారికి వీటికి మించిన ఆధారం నాకు కనబడలేదు. ఇనాం ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, మొదట పొందినవాడెవడు, పాత లెక్కల్లో ఎవరి పేరున ఉంది, ఇప్పుడు అనుభవిస్తున్నవాడెవడు, అతని వయసెంత, వారసులెవరు అన్న వివరాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. జనగణన పత్రాల్లో దొరుకుతుందని నేను ఆశపడినదంతా ఇక్కడ ఉంది. కాకపోతే ఇనాం ఉన్నవారికి మాత్రమే ఈ భాగ్యం. కూలికి పోయినవారి పేర్లూ, కౌలుకు చేసినవారి పేర్లూ ఇందులో ఉండవు.

పాత ప్రభుత్వ దస్త్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్ చదువుగదిలో ఆ పుట తెరిచినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. 1860ల నాటి ఆ వరుసలో, బావికి ఎదురుగా, అచ్చంగా మా ముత్తాత పేరు ఉంది. వయసు 40 అని, 5 ఏళ్ళ కొడుకొకడు ఉన్నాడని రాశారు. మా ముత్తాత 1950లలో పోయారు కనుక ఇది ఆయన కాదు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మాకూ ఉంది కాబట్టి, ఈయన ముత్తాతకు తాత అయి ఉంటాడనీ, ఐదేళ్ళ పిల్లవాడు ముత్తాతకు తండ్రి అనీ అక్కడికక్కడే నిర్ణయించుకొన్నాను. మరి మేము కరువులో వచ్చామన్న మాట ఏమైనట్టు? అది ఎవరో కల్పించిన కథ అని తేల్చేశాను. ఇంటిపేరు మాది కాకపోవడం చూశాను, చూసి కూడా రాతగాడి పొరపాటు అని సరిపెట్టుకొన్నాను.

ఆ నిర్ణయం నా రెండు నెలల శ్రమను వృథా చేసింది. ఐదేళ్ళ పిల్లవాడి పేరు తర్వాతి లెక్కల్లో ఎక్కడా లేదు. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో బావి పక్క చేలకు పట్టాదారుగా ఉన్నవాడి ఇంటిపేరు మాదే గానీ, సొంత పేరు పూర్తిగా వేరు. పెద్ద, నడిపి, చిన్న అన్న ముందుమాటలతో ఒకే పేరు అన్నదమ్ములకు ఉండడం మా వైపు మామూలే కనుక ఆ కోణంలోనూ చూశాను. ఎలా చూసినా రెండు ఇంటిపేర్లకు మధ్య లంకె కుదరలేదు. తనకు నచ్చిన పేరు కనబడగానే వెతికేవాడు ఎదురుసాక్ష్యాన్ని రాతగాడి మీదికి తోసేయడం ఈ పనిలో అతి పెద్ద ప్రమాదమని ఇప్పుడు నమ్ముతాను.

అప్పుడు మళ్ళీ జనగణన నివేదికలు తెరిచాను. ఈసారి పేర్ల కోసం కాదు, నా చేతిలో ఉన్న పేర్ల మధ్య ఏం జరిగి ఉంటుందో తెలుసుకోవడానికి. జనగణన శాఖ డిజిటల్ గ్రంథాలయంలో ఈ పాత నివేదికలు ఇంటి నుంచే చదువుకోవచ్చు.

కర్నూలు జిల్లా జనాభా 1871లో 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. పదేళ్ళలో నాలుగో వంతుకు పైగా జనం తగ్గిపోయారు. మొదట ఈ అంకెలను నేను నమ్మలేదు, ఎందుకంటే వేరొక పట్టికలో 9 లక్షల 59 వేలు, 7 లక్షల 9 వేలు అని ఉంది. బనగానపల్లె సంస్థానాన్ని కలిపితే ఒక లెక్క, విడదీస్తే మరొక లెక్క అని తర్వాత తెలిసింది. పాత అంకెలు పోల్చేటప్పుడు రెండు ఏళ్ళకూ హద్దులు ఒకటేనా అని చూసుకోకపోతే లేని కరువు కనిపించవచ్చు, ఉన్న కరువు మరుగున పడవచ్చు. ఇక్కడ మాత్రం ఎలా చూసినా లోటు లోటుగానే ఉంది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువుకు 1876-77 నాటి ధాత సంవత్సరం పేరే నిలిచిపోయింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1881 పట్టికల్లో మనుషులున్న ఇళ్ళకు ఒక గడి, ఖాళీ ఇళ్ళకు ఒక గడి ఉన్నాయి. ఆ రెండో గడి ముందు నేను చాలాసేపు కూర్చున్నాను.

1871 నాటి మద్రాసు నివేదిక రాసిన డాక్టర్ కార్నిష్ రాజధాని శానిటరీ కమిషనరు. ఆరేళ్ళ తర్వాత, 1877లో, కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలీని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, కొద్దిపాటి డబ్బుకూ తగ్గించినప్పుడు, కష్టపడి పనిచేసే మనిషి ఆ తిండితో బతకలేడని గట్టిగా వాదించింది ఈ కార్నిషే. జనాన్ని లెక్కపెట్టిన మనిషే ఆ జనం కడుపు కోసం పైవారితో పోరాడాడన్నది తెలిశాక ఆయన పట్టికలను నేను ఇదివరకటి కంటే శ్రద్ధతో చదివాను.

నా చిక్కు విప్పడానికి నివేదికల్లో మరి రెండు సంగతులు ఉపకరించాయి. తమ వయసు కచ్చితంగా తెలియని జనం సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకె చెబుతారనీ, అందువల్ల 30, 40, 50 ఏళ్ళ దగ్గర జనం గుట్టగా పోగుపడి, 39, 41 దగ్గర పలచబడతారనీ జనగణన అధికారులు పదే పదే రాశారు. ఇనాం రిజిస్టరులోని 40 కూడా అలాంటిదే అయి ఉండాలి. దాన్ని నేను 35 నుంచి 45 వరకు ఏదైనా కావచ్చునని సడలించుకొన్నాను, పిల్లవాడి 5ను కూడా అలాగే చూశాను. రెండోది పుట్టిన చోటు. 1881లో ఎవరు ఏ జిల్లాలో పుట్టారన్నది అడిగి పట్టిక వేశారు. ఊరు కాదు, జిల్లా మాత్రమే లెక్కలోకి వచ్చింది; అందుచేత జిల్లా లోపల జరిగిన వలస అందులో కనిపించదు. ఆలూరు ఆనాడు బళ్ళారి జిల్లా కాబట్టి, అక్కడి నుంచి కోవెలకుంట్ల వచ్చినవాడు బళ్ళారిలో పుట్టినవారి మొత్తంలో ఒకడై ఉండాలి. అనంతపురం ఇంకా వేరుపడలేదు కనుక ఆ మొత్తంలో అనంతపురం సీమవాళ్ళూ ఉన్నారు. ఆ అంకెలో మా వాడొకడు ఉన్నాడని రుజువు చేయలేను గానీ, అలా వచ్చినవారు ఉన్నారనడానికి రుజువు నా ఎదుటే ఉంది. కథ కల్పితమని కొట్టివేసినందుకు మా జేజినాయనకు మనసులోనే క్షమాపణ చెప్పుకొన్నాను.

రెండు కథలూ నిజమైతే, అవి రెండు వేర్వేరు మనుషుల కథలై ఉండాలి. ఈ ఆలోచన వచ్చిన రాత్రే రేకుపెట్టెలోని భాగపరిష్కార దస్తావేజును మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట వదలకుండా, మళ్ళీ చదివాను. అంతకుముందు నేను అందులో పేర్లూ సర్వే నంబర్లూ మాత్రమే చూసి ఉన్నాను. రెండో పుటలో, ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే వాక్యంలో, 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో రిజిస్టరైన ఒక రాజీనామా (రాజీ ఒప్పందం) దస్తావేజు నంబరు, ఏడాది ఉన్నాయి. నాలుగేళ్ళుగా అది నా ఇంట్లోనే ఉంది.

నంబరూ ఏడాదీ తెలిస్తే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకం నుంచి నకలు పొందవచ్చు. నంబరు తెలియకపోతే పేర్ల సూచిక, ఆస్తుల సూచిక చూడమని కోరవచ్చు గానీ, దానికి ఓపికా, రుసుమూ రెండూ కావాలి. దరఖాస్తు పెట్టిన మూడు వారాలకు నకలు చేతికి వచ్చింది. చేతిరాత తేలికగానే ఉంది. భాషే ఒక్క ఊపులో, ఎక్కడా ఆగకుండా, పుట పొడవునా ఒకే వాక్యంగా సాగింది.

అందులో ఉన్నది ఇది. బావి ఇనాందారు పోయిన తర్వాత ఆయన దాయాదులు భూమి తమదన్నారు. ఆయనకు మగ సంతతి మిగలనందున కూతురికి పెళ్ళి చేసి అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకొన్నాడనీ, ఆ అల్లుడు పాతికేళ్ళుగా సేద్యం చేస్తూ బావిని బాగుచేయిస్తూ వచ్చాడనీ ఇవతలి పక్షం చెప్పుకొంది. పెద్దమనుషుల సమక్షంలో దాయాదులు కొంత మెట్ట తీసుకొని తక్కిన హక్కు వదులుకొన్నారు. ఇల్లటపు అల్లుడి ఇంటిపేరు మాది. ఆయన స్వస్థలం బళ్ళారి జిల్లా ఆలూరు తాలూకా అని ఊరి పేరుతో సహా రాశారు.

ఇల్లటం మా సీమలో సేద్యపు కుటుంబాల పాత ఆచారం. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుడు కొడుకు స్థానంలో నిలిచి, సేద్యం చేసి, కొడుకు లాగే వాటా పొందుతాడు. అయినా తన ఇంటిపేరు వదులుకోడు. 19వ శతాబ్దిలోనే మద్రాసు హైకోర్టు దీన్ని గుర్తించింది. ఈ ఒక్క ఆచారం తెలిసి కూడా మా ఇంటికి వర్తింపజేసి చూడకపోవడం వల్లనే ఇంటిపేరు మార్పు నాకు అంతుపట్టలేదు. మా ముత్తాత ఆ ఇల్లటపు అల్లుడి కొడుకు. ఆయనకు పెట్టింది తల్లి తండ్రి పేరు. ఇనాం రిజిస్టరులో నేను చూసి కన్నీరు పెట్టుకొన్న పేరు మా వాళ్ళదే, కాకపోతే ఆడబిడ్డ వైపు నుంచి.

అక్కడితో మరొక పేరు నన్ను పట్టుకొంది. ఇనాం రిజిస్టరులోని ఐదేళ్ళ పిల్లవాడు కరువు వచ్చేనాటికి ఇరవైకి అటూ ఇటూ ఉండాలి. రాజీనామా రాసేనాటికి అతడు లేడు, అంతకు పాతికేళ్ళ ముందే, అక్క కోసమో చెల్లెలి కోసమో ఇల్లటం తెచ్చేనాటికే లేడు. ఏ జబ్బుతో, ఏ ఏడాది పోయాడో చెప్పే కాగితం లేదు, మా ఇంట్లో అతన్ని తలచుకొన్నవారూ లేరు. 1871కీ 1881కీ మధ్య తగ్గిన ఆ 2 లక్షల 35 వేల పైచిలుకు మందిలో అతనూ ఒకడని నేను అనుకొంటాను. వంశవృక్షంలో అతని పేరు పక్కన 1860లలో బాలుడని మాత్రమే రాశాను, అనుకొన్నదాన్ని రాయలేదు.

తర్వాతి తరాల పని సులువుగానే ముగిసింది. 1951 జనగణన సేద్యం మీద బతికేవారిని సొంత భూమి దున్నేవారు, పరుల భూమి దున్నేవారు, వ్యవసాయ కూలీలు, దున్నకుండా భూమి మీద ఆదాయం పొందేవారు అని నాలుగు తరగతులుగా విడదీసింది. ఆ ఏటి జిల్లా జనగణన పుస్తకం ఈ లెక్కలు ఊరివారీగా ఇస్తుంది. మా జేజినాయన ఏ తరగతిలోకి వచ్చారో పదొకటి లెక్కతో సరిచూసుకొన్నాను. అదే పట్టికలో కూలీల గడి కూడా చూసి, మా చేలల్లో కోతకు వచ్చిన కుటుంబాల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవన్న సంగతి గుర్తుచేసుకొన్నాను. వాళ్ళ మనవళ్ళు ఇలాగే వెతకాలనుకొంటే, ఊరిలో ఇంకా మిగిలి ఉన్న పెద్దవాళ్ళను అడగడం తప్ప వేరే దారి చెప్పలేను, అదీ వెంటనే అడగాలి. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు ఇళ్ళలోనే ఉండిపోయిన పాత లెక్కల కట్టలు కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపించినవారు నాకు ఇద్దరు తటస్థపడ్డారు.

రాజీనామా దస్తావేజు చివరి పుటలో సంతకాలున్నాయి. ఇల్లటపు అల్లుడు సంతకం చేయగలిగాడు. ఆయన భార్య వేలిముద్ర వేసింది, పక్కనే రాతగాడు ఆమె పేరు రాశాడు. ఇనాం ఆమె తండ్రిది, పట్టా ఆమె భర్తది, భాగాలు ఆమె కొడుకులవి. ఆ భూమి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరింది ఆమె వల్లనే అయినా నేను చూసిన కాగితాలన్నిటిలో ఆమె పేరు ఉన్నది ఆ ఒక్కచోటే. మా ముత్తాత తల్లి పేరు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ పేరే మా పెద్ద మేనత్తది. ఆమెకు ఎనభై దాటాయి. తన పేరు ఎవరి పేరో చిన్నప్పుడు అడిగితే, ఎవరో పెద్దావిడదని మాత్రం చెప్పారట. నకలు తీసుకొని వెళ్ళి, మంచం పక్కన కూర్చొని, ఆ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించాను. విని, కాసేపు ఊరుకొని, వేలిముద్ర ఎక్కడుందో చూపించమంది. నకలులో వేలిముద్ర రాదు, అక్కడ అలా ఉందని రాసిన మాట మాత్రమే ఉంటుందని చెప్పాను. అయితే ఆ మాటే ఇంకోసారి చదువు నాయనా అంది.